చుక్కకు లేని గమకం

అక్కా,

ఎలా ఉన్నావు? నువ్వు పోయి ఏడాది దాటింది. నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఉన్నన్నాళ్లూ ఫోన్‌లోనే సరిపోయేది, అదీ నువ్వు చేస్తేనే...

అసలు కబురు ముందే చెప్పేస్తాను. నీ చుక్క పాడింది! ధర్మవరం కల్యాణ మండపంలో, మైకులు పెట్టి, కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడితే పాడింది. అమ్మ ముందు వరసలో కూర్చుని వింది.

మొదట్లో మనం ఎంత పోట్లాడుకున్నామో గుర్తుందా? పెనుకొండలో మన మిద్దె మీద టెలిస్కోపు పెట్టుకుని నువ్వు రోజూ ఆ ఒక్క చుక్క వెలుగే కొలిచేదానివి. గబుక్కున వెలిగి, నిదానంగా మసకబారి, మళ్లీ వెలిగే చుక్క. షుగర్‌తో చూపు పోయిన అమ్మ, రోజూ అదే చుక్కలో ఏం చూస్తావే అని కింద నుంచి అడిగేది. "చూపించలేను గానీ, వినిపిస్తాలేమ్మా" అని మాటిచ్చావు. వెలుగు పెరిగితే స్వరం పైకి, తగ్గితే కిందికి, ఒక్కో రాత్రికి ఒక్కో స్వరం అని లెక్క కట్టావు. కంప్యూటర్‌లో వినిపిస్తే కుక్కర్ విజిల్‌లా ఉందని నేను నవ్వాను. "అట్లయితే నువ్వే ఊదురా శీనా" అని నా నాదస్వరానికి పని పెట్టావు.

పని పెట్టి చేతులు కట్టేశావు! పెళ్లి మేళంలో పెరిగినవాడిని, స్వరాన్ని కాస్త ఊపకుండా ఊదితే నాకు ఊపిరాడదు. నువ్వేమో "అన్ని కూరల్లో కొబ్బరి ఏసినట్టు అన్నిట్లో గమకం ఏయొద్దురా. చుక్క ఎంత చెప్తే అంతే ఊదు" అనేదానివి. రిషభానికీ గాంధారానికీ మధ్య ఎక్కడో ఉన్న స్వరం పలికించమనేదానివి. అది అపస్వరమని నేనంటే, "చుక్కకు నీ రాగాలు తెలవ్వు" అని కసిరేదానివి. ఆ తగవు తేలకముందే వెళ్లిపోయావు...

నీ శిష్యురాలు హసీనా మాత్రం వదల్లేదు. హిందూపురం కాలేజీలో నీ బల్ల దగ్గరే కూర్చుని మిగిలిన లెక్కలు పూర్తి చేసింది. బెంగళూరు నుంచి ఒక శాస్త్రవేత్తనూ, కంప్యూటర్ మీద సంగీతం చేసే ఒక అమ్మాయినీ పిలిపించింది. డోలుకు మన నాగప్ప మామ. సాధన ఉన్న ప్రతిరోజూ బిర్యానీ ఉండాలని ఆయన షరతు. హసీనా వాళ్లమ్మ చేతి వంట తిన్నాక మామకు ఖగోళశాస్త్రం మీద గౌరవం బాగా పెరిగింది.

మొదటి సాధనలోనే నా పరువు పోయింది. నాకు గ్రాఫులు రావని హసీనా స్వరాలన్నీ తెలుగులో రాసిచ్చింది. నీ చుక్కను పోల్చి చూసుకోవడానికి, మారకుండా వెలిగే ఇంకో చుక్క పక్కన ఉంటుంది కదా, దాని వరసకు 'తోడు' అనీ, నీ చుక్క వరసకు 'తార' అనీ పేరు పెట్టింది. తార అని కనపడితే నాదస్వరం వాడికి ఏం తోస్తుంది చెప్పు? తార స్థాయి! వరస మొత్తం పై షడ్జమం దాటించి ఊదేశాను. బుగ్గలు పగిలిపోతాయేమో అనిపించింది. నాగప్ప మామ డోలు ఆపి చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. బెంగళూరు ఆయన మాత్రం కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. "సార్, తారంటే చుక్క సార్!" అంటూ హసీనా పరిగెత్తుకొచ్చింది. ఆ రోజు నుంచి 'చుక్క' అనే రాస్తోంది.

నవ్వులు ఆగాక బెంగళూరు ఆయన, భలే ఊపుగా ఉంది, అలాగే ఉంచేద్దామన్నాడు. నేనే వద్దన్నాను అక్కా. నేను! చుక్కకు లేని వెలుగు నా ఊపిరితో ఎందుకు పెట్టాలి? నువ్వు అమ్మకు వినిపిస్తానన్నది నీ చుక్కను. నా పనితనాన్ని కాదు కదా? నా నోట ఈ మాట వింటే నువ్వు నమ్మేదానివా?

అసలు చిక్కు ఖాళీలతో వచ్చింది. మబ్బు పట్టిన రాత్రులకు నీ కొలత లేదు, కాబట్టి స్వరమూ లేదు. వాటిని లెక్క వేసి నింపవచ్చని, తప్పేమీ కాదని బెంగళూరు ఆయన అన్నాడు. నాకు ఆశ పుట్టింది. పెళ్లిలో మేళం ఆగితే పెద్దలు ఊరుకుంటారా? ఆగకుండా ఊదడమే మా బతుకు. కానీ నువ్వుంటే ఏమంటావో హసీనాకూ తెలుసు, నాకూ తెలుసు. "చూడని రాత్రిని చూసినామని చెప్పొద్దు." ఖాళీలను ఖాళీలుగానే ఉంచాం.

కచేరీ రోజు అమ్మ నువ్వు కొనిచ్చిన పట్టుచీర కట్టుకుని వచ్చింది. నాకు ఒకటే భయం. ఆమెకు ఏమీ అర్థం కాకపోతే? నా ముఖం చూసి కాకపోయినా, నా గొంతు విని జాలిపడి బాగుందనేస్తే? నీ మాట నిలబెట్టినట్టా, పోగొట్టినట్టా?

మొదటి ఖాళీ వచ్చింది. మండపమంతా నిశ్శబ్దం. నాగప్ప మామ చేయి ఊరుకోదని పుల్లను తొడ కింద పెట్టుకున్నాడు. అప్పుడు అమ్మ పక్కామెతో అన్నది నాకు స్పష్టంగా వినపడింది. "ఈడ మోడం పట్టింటాది."

ఆమెకు మబ్బుల సంగతి ఎవరూ చెప్పలేదక్కా! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, తర్వాతి స్వరం కాస్త ఊగింది. దానికి మాత్రం తిట్టకు.

పోగా పోగా నువ్వు ఆసుపత్రికి వెళ్లిన నెల వచ్చింది. అక్కడితో నీ కొలతలు ఆగిపోయాయి. కచేరీ అన్నాక చివర మంగళం పాడాలి కదా, నాగప్ప మామ పుల్ల ఎత్తి నా వైపు చూశాడు. నాకు నాదస్వరం ఎత్తబుద్ధి కాలేదు.

"మోడం ఇంకా పోలేదేమిరా?" అని అమ్మ అందరికీ వినపడేలా అడిగింది. అక్క చూసింది ఇంతవరకేనమ్మా అన్నాను. "చుక్క ఉండాది గదా?" ఉందవ్వా అంది హసీనా. "ఉంటే చూడండి మళ్లా! నా బిడ్డ పని సగంలో నిలిపేసి పోతారా?"

అప్పుడు మోగిన చప్పట్లు నాకు కాదు, హసీనాకూ కాదు. అమ్మకు.

ఇప్పుడు నీ టెలిస్కోపు హిందూపురంలో హసీనా వాళ్ల మిద్దె మీద ఉంది. రాత్రి కొలత పొద్దున్నే నా ఫోన్‌కు వస్తుంది. అమ్మ ధర్మవరంలో మా దగ్గరే ఉంది. కాఫీ తాగుతూ "రాత్రి యాడుండాదిరా?" అని అడుగుతుంది. నేను ఆ ఒక్క స్వరం ఊదుతాను. నిన్న రాత్రి అంతా మబ్బు. ఈ పొద్దున నేనేమీ ఊదలేదు. అమ్మ కాసేపు చెవి పెట్టి, "రేపు తెరిపిస్తాదిలే" అని నవ్వింది.

గమకం విషయంలో అప్పుడప్పుడు జారతానేమో, చెప్పలేను. ఒక్కటి మాత్రం మాటిస్తున్నాను అక్కా... ఈ పాటకు నేను మంగళం వాయించను.

నీ తమ్ముడు,
శీన