గోడకి నీళ్లు కొట్టండి

ఏవండీ,

నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నారని లేపలేదు. పులుసు వేడి చేసుకోండి. వీధి తలుపుకి తాళం మార్పించాను. కొత్త తాళంచెవి ఫ్రిజ్ మీదుంది, అది మీ ఎలీషా బావగారికి మాత్రం ఇవ్వకండి.

బ్రోకరు మనవాళ్లయితే మేలన్నారు మీరు. చూడండి ఆ మేలు! నిన్న కొనేవాళ్లని తీసుకొచ్చి, నేను టీ పట్టుకుని అక్కడే నిలబడి ఉండగా, మనమిచ్చిన తాళంచెవితోనే హాల్లో గోడ గీకి చూపించారు. “ఇంటిని లెక్కలోకి తీసుకోకండి. పడగొట్టేసి సైటు కింద చూసుకోండి, ఆయ్” అన్నారు. కెజియా కడుపులో ఉండగా ఈ గోడలకి పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్లు కొట్టింది నేను. ఇది ఇల్లు కాదటండీ?

పెద్దింటికి మారదామన్నది నేనే, అమ్మొద్దనడం లేదు. కాపురం ఉండేవాళ్లకి అమ్ముదాం, ఇంకో బ్రోకర్ని చూడండి. సాయంత్రం ఆయన మళ్లీ వస్తారట. ఇక రావద్దని మీరే చెప్పండి. నేను నోరు విప్పానంటే మీకూ మీ అక్కగారికీ జన్మలో మాటలుండవు.

రూతు

ఆయన గీకిన చోట సిమెంటు పూశాను. లేచాక దానికి కాసిని నీళ్లు కొట్టండి. ఈసారి మీ వంతు.