ముక్కు పక్క పుండు

అక్కా,

నిన్న నువ్వు అంత దూరం నుంచి వస్తే, జ్వరమని చెప్పించి గదిలోనే ఉండిపోయాను. జ్వరం లేదు. నా మొహం నీకు చూపించలేకపోయాను.

ముక్కు పక్కన మెరిసే చిన్న బొడిపె లేచింది. రక్తం కారేది, పక్కు కట్టేది, మళ్లీ కారేది. ఏడాదైనా మానలేదు. గడ్డం గీసుకుంటుంటే తెగిందని బొంకాను. ముక్కు మీద గడ్డమేమిటని ఒక్కరూ అడగలేదు.

చివరికి మా బస్సు కండక్టరే చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు. ముక్క తీసి పరీక్ష చేయించి, చర్మ క్యాన్సర్ అంది ఆవిడ. ఏదో పాడు రోగం తెచ్చుకున్నవాడిలా తల దించుకున్నాను.

"సిగ్గెందుకండీ? ఇన్నేళ్లు డ్రైవర్ సీట్లో ఎండ తగిలింది. ఇది అంటుకునేది కాదు" అంది.

మత్తు సూది వేసి కోసేసి, చెవి వెనక చర్మం తెచ్చి అతికించింది. జబ్బంతా పోయింది, గుంట మిగిలింది. ఎత్తుకు పెంచినదానివి, ఆ గుంట కనబడకూడదని నీకే మొహం చాటేశాను!

నువ్వు వెళ్లిపోతుంటే కిటికీలోంచి చూశాను. నీ కణత మీద ఎర్రగా, పొలుసులు లేచిన మచ్చ ఉంది. డాక్టరమ్మ చూపించిన ఫొటోల్లో అలాంటిదే ఒకటుంది. మిద్దెల మీద బట్టలారేసే పని, నీదీ ఎండ బతుకే. ముదరకముందే చూపిస్తే మందుతోనే పోవచ్చట.

సోమవారం వస్తాను, తయారుగా ఉండు. తిట్టేదేదో ఆస్పత్రి దారిలో తిట్టు.

నీ తమ్ముడు