కడుపు నాది, సంతకం నాది

అర్దియా, కువైట్
సెప్టెంబరు 1990

బావకు శివపార్వతి రాసేది. ఇక్కడ నేను క్షేమం. ఎప్పుడూ అలవాటుగా రాసే మాటే, ఈసారి మాత్రం నిజంగా బతికి రాస్తున్నాను. అక్కడ నువ్వూ అత్తా బాగున్నారని తలుస్తాను.

యుద్ధానికి ముందు వచ్చిన ఉత్తరంలో ఇఖామా కొత్తది చేయించారా అని అడిగావు. ఇక్కడ ఉండొచ్చని ఆ కాగితమిచ్చిన సర్కారే పారిపోయింది బావా, ఇక ఎవరిని అడగను? నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ ఇంటివాళ్ళు సౌదీకి వెళ్ళిపోయారు. మనవాళ్ళం కొందరం ఇక్కడ ఒకే ఇంట్లో చేరాం. రొట్టె కోసం వరసలో నిలబడాలి గానీ తిండికి లోటు లేదు.

ఇక అసలు సంగతి. మాతోనే ఉన్న మన ఊరి పుల్లయ్య ఊరికని మొన్న బస్సెక్కాడు. వాడి నోటికి తాళం లేదు. అందుకే నా మాట నేనే రాసి, ఈ ఇంట్లోనే ఉండి రేపు బయల్దేరే తిరుపాలమ్మ చేతికిస్తున్నాను.

ఒక పొద్దున బట్టలుతుకుతుంటే కుడి పొత్తికడుపును ఎవరో పట్టి పిండినట్టయింది. ఒకటే వాంతులు. పేగు జారిందని తిరుపాలమ్మ ఊళ్ళో లాగే నూనె రాసి తోమింది. పాపం, మంచికే చేసింది, నొప్పి మాత్రం రెండింతలైంది. పుల్లయ్య గడపలో నిలబడి, "మొగుడు ఆడ, కడుపునొప్పి ఈడ. ఇదేం నొప్పో మాకు తెలీదా?" అన్నాడు. ఆసుపత్రికి పోతే ఆ మాటే నిజమనుకుంటారని, తగ్గిందని అబద్ధమాడి సాయంత్రం దాకా పళ్ళు బిగబట్టి పడుకున్నాను. పక్కింట్లో పనిచేసే రాయచోటి ఖైరున్‌బీ వచ్చి చూసి, నన్ను తిట్టి, కారెక్కించింది. దారిలో ఇరాక్ సైనికులు ఆపితే వాళ్ళనూ అరబ్బీలో తిట్టింది.

డాక్టరు మజీదా ముందు గర్భమేమోనని పరీక్ష చేసింది. లేదు. తర్వాత స్కానింగ్‌లో దొరికింది. గర్భసంచికి అటూ ఇటూ అండాశయాలుంటాయట. కుడిదాని మీద నీటిబుడ్డ పెరిగి, ఆ బరువుకు అది తొడిమతో సహా మెలి తిరిగి, రక్తం అందకుండా పోయింది. ఇది అరుదట, చాలాసార్లు అపెండిక్స్ అనుకుంటారట. వెంటనే ఆపరేషన్ చేయాలి, భర్త సంతకం కావాలన్నారు.

"మా ఆయన రాయచోటిలో ఉండాడు, కడుపు నా దగ్గరుంది. పెన్ను ఇట్లియ్యమను," అన్నాను ఖైరున్‌బీతో. నేనే సంతకం పెట్టాను.

ఇంతసేపూ రాయలేక దాటేసింది ఇది. మెలిక విప్పి, వేడి తడిగుడ్డలు కప్పి చూశారట. రంగు తిరగలేదు, నల్లబడిపోయింది. తీసేశారు. పొద్దున్నే వచ్చుంటే నిలిచేదేమో అంది డాక్టరు. పుల్లయ్య మాటకు జడిసి పోగొట్టుకున్నాను బావా, ఆ ఏడుపు నాకుంది. రెండోది బాగుంది, దాంతోనే పిల్లలు పుడతారని కూడా ఆమే చెప్పింది. అత్తకు ఈ ముక్క రెండుసార్లు వినిపించు.

ఇక ఎవరికీ జడవను. ఈ ఉత్తరం పెట్టెలో దాచకు. పుల్లయ్యను పిలిచి, నలుగురి ముందూ గట్టిగా చదువు. తిరుపాలమ్మ అంతా కళ్ళారా చూసింది, అడుగు. అప్పటికీ నీకు అనుమానముంటే, కుట్లు మానాక నేను వచ్చేటప్పుడు నాకు ఎదురు రావద్దు. ఈ ఎడారి దాటి వచ్చేదానికి రాయచోటి బస్సు దొరక్కపోదు.

ఇట్లు,
నీ మేనమామ కూతురు
శివపార్వతి

భార్యనని రాయాలో వద్దో నీ జవాబు చూశాక చెబుతాను.