కాయ కట్టని కనకాంబరం

కనిగిరి,
ఆగస్టు 6.

ప్రియమైన తేజశ్రీకి,

"ఫోన్‌లో నువ్వు అరుస్తావు పెద్దమ్మా, చెప్పేదేదో కాగితం మీద పెట్టు" అన్నావు. సరే, పెట్టాను. ఇకమీదట బుట్టతో పాటు ఉత్తరం కూడా వస్తుంది. ఒంగోలు బస్సు కండక్టరు ఖలీల్ చీమకుర్తి స్టాండులో మీ ఆయన కోటేష్ చేతికిస్తాడు. జవాబు అదే బుట్టలో రావాలి. ఖాళీ బుట్ట వస్తే మీ పెదనాన్న నెల రోజులు నన్ను ఆట పట్టిస్తాడు.

తడి గోనెలో చుట్టినవి కనకాంబరం కొమ్మలు. బజారు రకం కాదని నీకు తెలుసు. మన మిరపచేను గట్టు మీద తనంత తాను మొలిచి, పండుమిరప రంగులో పూసిన ఆ మొక్క పిల్లలివి. మామూలు కనకాంబరం పూలవెన్ను ఎండాక నీళ్లు తగిలితే గింజలు చిటుక్కున ఎగిరిపడతాయి. చిన్నప్పుడు నోట్లో తడిపి నా మీదికి విసిరేదానివి. దీనికి కాయ కట్టదు. కొమ్మ కోసి ఎవరో ఒకరు నాటితేనే ఉంటుంది, లేకపోతే లేదు. ఇవాళ కనిగిరిలో ఏ పెరట్లో ఈ ఎరుపు కనిపించినా అది నా చేతి నుంచి వెళ్లిందే. ఇది గొప్పలు చెప్పుకోవడమే. మగవాడు తన ఎద్దుల గురించి పొద్దుగూకేదాకా చెబితే కూర్చుని వింటారు. ఆడది తన మొక్క గురించి రెండు మాటలంటే గొప్పలు పోతోందంటారు. పోతాను.

కణుపు కింద ఏటవాలుగా కోశాను. రెండు కణుపులు మట్టిలోకి దిగాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలుపు. పొద్దుటి ఎండ తగలనివ్వు, మధ్యాహ్నం నీడ కావాలి. కుండీలో నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. యూరియా పేరెత్తకు.

ఇక అసలు సంగతి. నీకిప్పుడు నాలుగో నెల. కార్తీకంలో సీమంతం అంటున్నారు కదా, అప్పటికి ఇవి పూతకొస్తాయి. మల్లెల కాలం కాదు గనక పూలజడ మొత్తం ఈ ఎర్ర కనకాంబరమే కుడదాం. ఆ జడ నేను వెయ్యాలి. మీ అమ్మ నర్సు ఉద్యోగంలో ఊరూరూ తిరుగుతుంటే ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా నీకు రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి బడికి పంపిన చేతులివి. నాకు కన్న పిల్లలు లేరు, పెంచిన పిల్ల ఉంది. ఇంకేం కోరికల్లేవని అబద్ధం చెప్పను, చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది ఇది.

అరుపులు తగ్గించుకుంటున్న
నీ పెద్దమ్మ,
కోటేశ్వరి.


చీమకుర్తి,
సెప్టెంబరు 10.

ప్రియాతిప్రియమైన పెద్దమ్మకు,

బుట్ట ఖాళీగా రావట్లేదు. అడుగున అత్తయ్య చేసిన జంతికలున్నాయి. పెదనాన్నకి కూడా మిగుల్చు.

ముందు చెడ్డ కబురు. సగం కొమ్మలు పోయాయి. కోటేష్ చేసిన పని. నువ్వు రాసిన ఇసుకా ఎరువూ పక్కనపెట్టి, పర్చూరులో వాళ్ల మేనమామ మిరపచేలోంచి రెండు బస్తాల నల్లమట్టి మోసుకొచ్చాడు. "అంత మిరప పండే మట్టిలో ఈ పూలమొక్క రాదా?" అని నన్నే ఎదురు అడిగాడు. వీళ్ల దృష్టిలో భూమ్మీద అంతకన్నా మంచి మట్టి లేదు. ఎదగనివి పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు. అది మిరపమట్టిలో ఉండే పురుగు పనేనని నువ్వు ఫోన్‌లో అరిచిన అరుపు పక్క క్వార్టర్ వాళ్లకి కూడా వినపడింది. కోటేష్ ఆ రోజంతా ఇంట్లో నా కంటపడకుండా తిరిగాడు.

మిగతా సగం బతికాయంటే అత్తయ్య వల్ల. ఆవిడ ఎవరి మాటా వినకుండా పాత నూనెడబ్బాల్లో ఇసుక కలిపి నాటింది. ఇక్కడ రాళ్లు కోసే యూనిట్ల నుంచి పొడి వస్తుంది, సాయంత్రానికి ఆకులు సున్నం కొట్టినట్టవుతాయి. అత్తయ్య తన పాత నేతచీర రోడ్డు వైపు తెరలా కట్టింది. పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తుంది. నిన్న, "మీ పెద్దమ్మ మొక్క మొండిదే, ఆవిడలాగే" అంది. మెచ్చుకోలే అనుకో.

నా ఒంట్లో బాగానే ఉంది. బిడ్డ కదులుతోంది.

సీమంతం పెద్దగా చెయ్యట్లేదు పెద్దమ్మా. ఇంట్లోవాళ్లమే. నీకు బడి ఉంటుంది, పరీక్షల పేపర్లుంటాయి, సెలవు దొరకదు. ఆ బస్సులో అంత దూరం కుదుపులు పడి రావడం ఎందుకు? ఫోటోలు పంపుతాలే.

ప్రేమతో
నీ తేజ.


కనిగిరి,
సెప్టెంబరు 16.

చిరంజీవి తేజశ్రీని ఆశీర్వదించి రాయునది,

నాకు సెలవు దొరుకుతుందో లేదో నీకెప్పటి నుంచి తెలుస్తోంది? ఇరవై ఆరేళ్లుగా సోషల్ పాఠాలు చెబుతున్నాను. ఒక దేశం ఇంకో దేశంతో సరిహద్దు మూసుకునేటప్పుడు ఎంత మర్యాదగా మాట్లాడుతుందో పిల్లలకు చెప్పేదాన్ని నేనే. నీ ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాలు ఆ మర్యాదలోనే ఉన్నాయి.

నీకో సంగతి చెబుతాను, దాని మీద జవాబు రాయి. పోయిన వారం పై వీధిలో ఒకరింట్లో సీమంతం. పూలు కావాలని ముందు రోజు వాళ్లే మనిషిని పంపారు. తెల్లవారుజామున లేచి నేనూ మీ పెదనాన్నా బుట్టెడు కోశాం. ఆయన నాకన్నా దగ్గరగా మాల కడతాడు, నీకు తెలుసు. తీసుకెళ్లాను. ఆ ఇంటి పెద్దావిడ బుట్ట అందుకుని, "కోటేశ్వరీ, నువ్వు కాసేపు వసారాలో కూర్చోమ్మా. పిల్లల తల్లులు మొదటి పూలు పెట్టేశాక పిలుస్తాం" అంది. ఎంత ప్రేమగా అందంటే, కుర్చీ కూడా వేయించింది.

నా పూలు లోపలికి వెళ్లాయి. నేను వసారాలో ఉన్నాను.

నేను కూర్చోలేదు. "ఆ పూలకు నీళ్లు పోసిందీ, కొమ్మ నాటిందీ, ఇప్పుడు కోసిందీ ఈ చెయ్యే. చెయ్యి చెడ్డదైతే పూలెలా మంచివయ్యాయి పిన్నీ?" అన్నాను. "అదేంటమ్మా, పూలకేం పాపం" అంది. అంటే పాపం ఎవరిదో తేలిపోయింది కదా. వచ్చేశాను. మీ అమ్మకి ఫోన్ చేసి చెబితే, "సర్దుకుపోవాలక్కా, వాళ్ల భయం వాళ్లది" అంది. ఎవరి భయానికి ఎవరు వసారాలో కూర్చోవాలో ఎప్పుడూ ముందే రాసిపెట్టి ఉంటుంది.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. నన్ను రావద్దన్నది నా సెలవా, ఇంకెవరైనానా?

జవాబు కోసం చూసే
పెద్దమ్మ.


చీమకుర్తి,
అక్టోబరు 12.

ప్రియమైన పెద్దమ్మా,

ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఖలీల్ రెండుసార్లు బుట్ట అడిగాడట, కోటేష్ ఏదో చెప్పి పంపేశాడు.

అత్తయ్యే అంది. అరిచి అనలేదు. నా కాళ్లకు నూనె రాస్తూ అంది. కోటేష్‌కి ముందు ఆవిడకి ఇద్దరు పోయారు, నీకు చెప్పానో లేదో. "మీ పెద్దమ్మంటే నాకు గౌరవమేనమ్మా. ఆ ఒక్క రోజూ, ఆ ఒక్క పువ్వూ తన చేత్తో పెట్టకుండా ఉంటే చాలు. తర్వాత ఎన్నాళ్లు ఉన్నా నా ఇంట్లో అన్నం పెడతాను" అంది.

నువ్వు నేర్పిన మాటలన్నీ నాకు వచ్చు, ఒక్కటీ బయటికి రాలేదు.

మొక్కలు మొగ్గ వేశాయి. నువ్వు చెప్పినట్టు మొదటి వెన్నులు తుంచేశాను. క్వార్టర్స్‌లో ఆడవాళ్లు చాలామంది కొమ్మలు పట్టుకెళ్లారు. అందరికీ ఎలా నాటాలో అత్తయ్యే చూపిస్తోంది, నీ మాటలు నీ గొంతుతో సహా.

తిట్టు పెద్దమ్మా. రాయకుండా మాత్రం ఉండకు.

నీ
తేజ.


కనిగిరి,
అక్టోబరు 15.

నా తేజకు,

తిట్టను. నీకు ఆరో నెల, అదీగాక మీ అత్తయ్య బసవమ్మ గారు నా మొక్కల ఆకులు తుడుస్తున్నారు. కానీ వాదిస్తాను. వాదన లేకపోతే నా ఉత్తరం నాదని మీ పెదనాన్న నమ్మడు.

కాయ కట్టని మొక్కా, దాన్ని పెంచుకునే పిల్లల్లేని కోటేశ్వరీ అని ఇక్కడ ఒకరిద్దరు జాలిపడుతున్నారు. నాకు ఆ పోలిక వద్దు. మొక్క కాయ కట్టకపోతే దానికెవరూ పేరు పెట్టలేదు. పువ్వు బాగుందన్నారు, కొమ్మ అడిగారు. ఆడదానికైతే పేరు పెట్టారు. ఆ పేరు నా చేత్తో రాయను. పరీక్షలన్నీ ముందు నాకే చేయించారు. తర్వాత మీ పెదనాన్న తనంతట తనే వెళ్లి చేయించుకొచ్చి, "లోపం నాది" అని అందరి భోజనాల దగ్గర చెప్పాడు. అంత మనిషి. చెప్పినా ఆ పేరు ఆయనకి అంటలేదు, నన్ను వదల్లేదు. మీ పెదనాన్న నాగేంద్రబాబుని ఏ సీమంతంలోనైనా వసారాలో కూర్చోమన్నారా? బొట్టుపెట్టి బంతిలో మొదటి విస్తరి వేస్తారు.

బసవమ్మ గారి దుఃఖం నాకు అర్థమవుతుంది. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి భయం చిన్నది కాదు. కానీ ఆ భయాన్ని మోయడానికి ఆవిడ నా చేతుల్ని ఎంచుకుంది. నా చేతులు అందుకు లేవు.

నీ డబ్బాల్లో ఉన్న మొక్కలు నీవి. ఇచ్చినవి వెనక్కి అడిగే రకం కాదు నేను. ఆ పూలు నీ ఇష్టం. నేను మాత్రం రాను. మొదటి పువ్వు అయ్యాక పిలిస్తే రాను. నువ్వు బతిమాలితే అసలే రాను. ఆ ఇంటి పెద్ద తన చేత్తో నాకు దువ్వెన అందించి, "జడ వెయ్యి" అన్న రోజున వేస్తాను. అది సీమంతం రోజు కానక్కర్లేదు, మామూలు మంగళవారమైనా సరే.

నువ్వు నోరు తెరవలేకపోయావని బాధపడకు. నోరు తెరవడం నేనూ ముప్పై దాటాకే నేర్చుకున్నాను. నువ్వు ముందే నేర్చుకుంటే నాకు గర్వంగా ఉంటుంది, అంతే.

నీ జుట్టు జాగ్రత్త. ఈ నెలల్లో రాలుతుంది.

ఎప్పటికీ
పెద్దమ్మ.


కనిగిరి బస్సులో,
నవంబరు 19.

నా పెద్దమ్మకు,

అక్షరాలు గంతులేస్తే నన్ను కాదు, ఈ రోడ్డును తిట్టు.

ఇవాళ పొద్దున సీమంతం. పీట వేశారు. పళ్లెం నిండా మన పూలు, మా డబ్బాల్లోవే. అత్తయ్య ఆడపడుచు పున్నమ్మ గారు, అయిదుగురు పిల్లల తల్లి, మొదటి పువ్వు పట్టుకుని నిలబడింది. నేను కూర్చోలేదు.

"ఏమైందమ్మాయ్, నడుం నొప్పా?" అంది అత్తయ్య.

"కాదత్తయ్యా. ఆ పువ్వు మా పెద్దమ్మది. పెద్దమ్మ లేకుండా నేను పెట్టుకోను."

"ఇంతమందిని పిలిచాకా చెప్పేది?"

"ముందే చెప్పాల్సింది. భయపడ్డాను."

"నాకా?"

"మీకు. ఇంకా, మీరన్నది నిజమేమోనని కూడా."

కోటేష్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణించి కదల్లేదు.

పున్నమ్మ గారు మొదలుపెట్టింది. "నీ కోడలికి చదువు ఎక్కువైంది వదినా. కడుపులో ఉన్నదాని సంగతి ఆలోచించొద్దూ? అందుకే మంచి చెయ్యి పడాలంటారు."

అత్తయ్య పళ్లెం తన దగ్గరికి జరుపుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "నా తొలిచూలుకి మొదటి పువ్వు పెట్టిందెవరో గుర్తుందా వదినా? మీ అమ్మే. తొమ్మిదిమందిని కన్న చెయ్యి. ఆ పిల్లాడు నెల తిరక్కుండా పోయాడు. రెండోదానికీ ఆవిడే పెట్టింది."

"బాగుంది. దానికి మా అమ్మేం చేస్తుంది?" అంది పున్నమ్మ గారు, రోషంగా.

"ఏమీ చెయ్యలా. నేనూ అదే అంటున్నా. మీ అమ్మ చేతిలో ఏమీ లేకపోతే, వీళ్ల పెద్దమ్మ చేతిలో మాత్రం ఏముంటది?"

ఇన్నేళ్లూ అత్తయ్య ఆ మాట ఎక్కడ దాచుకుందో నాకు తెలీదు. నువ్వయితే దాన్ని పాఠంలా చెప్పేదానివి. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ పూలు బుట్టలోకి ఎత్తుతూ చెప్పింది.

"కోటేష్, కనిగిరి బస్సు ఎన్నింటికిరా?"

"ఇంకో అరగంటకి ఉంది. భోజనాలో అమ్మా?"

"తినేవాళ్లు తింటారు. నువ్వు ఉండి వడ్డించు."

అలా బయల్దేరాం, అత్తయ్యా నేనూ. బస్సు ఖలీల్‌దే. "ఇవాళ బుట్టతో పాటు మనుషులు కూడానా?" అన్నాడు. నీ పోయినసారి ఉత్తరం నా సంచీలోనే ఉంది, అత్తయ్య చేతికిచ్చాను. కూడబలుక్కుంటూ చదివింది, మళ్లీ మొదటి నుంచి చదివింది. "ఈవిడకి నోరు పెద్దదే" అంది. పెదనాన్న సంగతి దగ్గర మాత్రం ఆగి, "ఆయన అందరిలో చెప్పాడా?" అని అడిగింది. చెప్పాడన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పొదిలి దాటాక నా సంచీ తీసుకుని, వెతికి, దువ్వెన బయటికి తీసింది. ఇప్పుడది ఆవిడ కొంగుముడిలో ఉంది.

ఈ ఉత్తరం బుట్టలో రాదు. గుమ్మంలోనే నీ చేతికిస్తాను. నీతో మాట్లాడితే ఇద్దరం ఏడుస్తాం, అందుకే రాశాను. నువ్వు చదువుతుండగా నేను పెరట్లోకి వెళ్లి, నీ కనకాంబరాల మధ్య పీట వేసుకుని, జుట్టు ముడి విప్పి, నీకు వీపు పెట్టి కూర్చుంటాను, బడికి టైమైపోతోందని కూర్చున్నట్టు.

చదవడం అయితే తలెత్తు. దువ్వెన పట్టుకుని ఆవిడ నిలబడి ఉంటుంది.

నీ రెండు జడల
తేజ.