మా పరిధి కాదన్న మాట

చిరంజీవి చెల్లి శోభకు,

అన్న సుధాకర్ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన నూనెతో అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయి. రెండు నెలల క్రితం నేను తెచ్చిన నూనెకు మాత్రం ఇంకా మూత కూడా తీయలేదు.

నువ్వు ఎస్సై అయి సూర్యాపేటలో చేరాక పేపర్లో పడిన నీ ఫోటోను అమ్మ కత్తిరించి బీరువా అద్దానికి అంటించింది. తల దువ్వుకుందామని నిలబడితే నీ మొహమే కనబడుతోంది. నేను ఖాకీ వేసి పదహారేళ్లయింది. ఒక్క పేపరువాడూ నా పేరడగలేదు.

ఇద్దరూ పోలీసులే కదా, తేడా ఏమిటని అమ్మ ఒకరోజు అడిగింది. ఓపిగ్గా చెప్పాను. ఫిర్యాదు రాసుకోవడం, బందోబస్తు, గట్టు తగాదాలు మా స్టేషన్ పని. దొంగల ముఠా నాలుగు మండలాలు తిరిగితే కేసు జిల్లా క్రైమ్ టీముకు, అంటే నీకు పోతుంది. ఇంకా పెద్దదైతే హైదరాబాద్‌లో సీఐడీ వాళ్లకు. అంతా విని, "అంటే రాసుడు నీది, పట్టుడు చెల్లెది" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. అది ఓర్వలేనితనమే శోభా, వేరే పేరు పెట్టను.

నూనె సీసాతో పంపిన చీటీలో అడిగావు కదా, నేరేడుచర్ల దగ్గర గొర్రెలు పోతే మన ఊరి తిరుపతయ్య మామ ఫిర్యాదు ఇవ్వకుండా రెండు రోజులు ఎందుకు ఆగాడని. దొంగలు దొరికినా, ఆ ఆలస్యం పట్టుకుని మామే గొర్రెలు అమ్ముకున్నాడని వాళ్ల వకీలు అంటున్నాడని, మీ సారుకూ అనుమానం వచ్చిందని, అడిగితే మామ నేల చూస్తున్నాడని రాశావు.

మామ ఆగలేదు. తెల్లారే గొర్రెల్ని వెతుక్కుంటూ కోదాడ సంత దాకా వచ్చి, నేనున్నానన్న ధైర్యంతో మా స్టేషన్ మెట్లెక్కాడు. నేరం ఎక్కడ జరిగినా జీరో ఎఫ్ఐఆర్ రాసి, అక్కడి స్టేషన్‌కు పంపాలి. నాకు తెలుసు. రాస్తే, ముఠా పని కాబట్టి కేసు నీ టీముకే వస్తుందని, దొంగల్ని నువ్వే పట్టుకుంటావని, మళ్లీ నీ పేరే మోగుతుందని కూడా తెలుసు.

"మా పరిధి కాదు మామా, పో" అన్నాను. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇక ఎవరూ రాసుకోరనుకుని ఆయన ఇంటికి వెళ్లిపోయాడు. మూడోనాడు ఊరివాళ్లు తోలితే నేరేడుచర్ల వెళ్లాడు. ఈలోపే మంద సగం మిర్యాలగూడ దాటి కోతకు పోయింది.

మొన్న ఆదివారం వెళ్లి, నా పేరెందుకు చెప్పలేదని మామను అడిగాను. "అన్న మీద చెల్లెతోని ఎట్ల రాయిస్త అల్లుడా" అన్నాడు.

ఫోన్లో చెబితే నువ్వు నన్ను దాస్తావు. అందుకే నా నంబరు వేసి కాగితం మీద రాస్తున్నాను. దీన్ని ఫైలులో పెట్టి మీ సారుకు చూపించు. సస్పెండ్ చేస్తే చేయనీ. నువ్వు రాసేటప్పుడు అన్న అని రాయకు, నా నంబరుతోనే రాయి. అమ్మకు మాత్రం నేనే చెబుతాను.

ఇట్లు,
సంతకం పెట్టి ఒప్పుకుంటున్న
నీ అన్న,
సుధాకర్,
హెడ్ కానిస్టేబుల్ 1146