పేరు మోసిన బ్యాండు

మహబూబ్‌నగర్,
1988 మే 12

మెహరాజ్‌కు,

నేను బాగానే చేరాను, బస్సులో క్లారినెట్‌కు కూడా ఏమీ కాలేదు. మన బ్యాండు పేరు పుస్తకంలో ఎక్కించే పనే సగంలో ఆగింది. కళాకారుల సర్వస్వం వేస్తున్న దశరథం సారు, "మీది పేరు మోసిన బ్యాండేనా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మన డ్రమ్ము బాబా మియా, "ఎందుకు మొయ్యలే సార్? డ్రమ్ము మీద పేరు రాపిచ్చుకొని నకిరేకల్ కెల్లి భువనగిరి దాంక నేనే మోస్తున్న. భుజం సూడుండ్రి జర" అని చొక్కా గుండీలు విప్పాడు. సారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

మన గొప్ప మనం చెప్పుకుంటే చెల్లదట, బయటివాళ్లు రాయాలట. మీ తమ్ముడు రాసిచ్చిన కాగితం చూపిస్తే, "గీయన మీకేమైతడు?" అన్నాడు. బామ్మర్ది అన్నాను. పక్కన పడేశాడు.

కాబట్టి నువ్వు ఎదురింటి ఉప్పలమ్మ దగ్గరికి వెళ్లు. మన వాయింపుకు బర్రె పాలిస్తలేదని పంచాయితీ పెట్టింది ఆమే కదా. ఆ మాటే కాగితం మీద రాయించి పంపు. ఎంత తిట్టినా ఫికర్ లేదు, 'న్యూ సితారా బ్యాండు' అన్న పేరు మాత్రం తప్పు పడకూడదు. అచ్చులో పడితే పట్నం బ్యాండుకు పోయే పెళ్లిళ్లు మనకే వస్తాయి.

మేక ఈనిందా? రేకుల కప్పు కురుస్తోందా? అమ్మీకి సలాం, పిల్లలకు నా దువా.

ఖాసిం

ఉప్పలమ్మ ఒకవేళ మెచ్చుకుంటే ఆ కాగితం పంపకు. సారు ఆమెను కూడా మన చుట్టమనుకుంటాడు.