గ్రూపులో పెట్టిన మెమో

గురువారం, దేవరకొండ

ప్రిన్సిపాల్ మేడం నాకు మెమో ఇచ్చింది. నర్సునై ఉండి హాస్టల్ పిల్లల జబ్బుల సంగతి బయటపెట్టానట! ఆరోగ్య పరీక్షలు చేసినట్టు రుజువు కావాలి, రిజిస్టర్ ఫోటో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టమని నా ప్రాణం తీసిందెవరు? వద్దు మేడం అంటే, "అందరు పెడ్తుండ్రు, నీకేంది కొత్తగ?" అని కసిరిందెవరు?

పెట్టింది నేనే, కాదనను. క్లాసు పిల్లలందరి పేర్ల మధ్య ఏడో తరగతి పాపకు ఫిట్స్ అని ఉంది. ఒక తల్లి అది చూసి, తన కూతురి మంచం దూరం జరపమంది. పాప తండ్రి వచ్చి గొడవ చేశాడు.

చర్య తీసుకున్నామని అందరికీ తెలియాలని మేడం ఆ మెమోను అదే గ్రూపులో పెట్టింది. పాప పేరుతో, ఫిట్స్ మాటతో సహా!

సాయంత్రం మర్రిగూడ నుంచి ఆ తండ్రే ఫోన్ చేశాడు. "సిస్టరమ్మా, గప్పుడు ఒక్కామెనే చూసింది. ఇప్పుడు అందరు సదివిండ్రు. జర తీసెయ్యమని చెప్పు."

చెప్పాను. "తీసేస్తే నిన్నేం అనలేదనుకుంటరు" అంది మేడం.

రేపు మెమోకు జవాబివ్వాలి. ఇస్తాను. అందులో పాప పేరుండదు. ఈ డైరీలో కూడా రాయలేదు.